ఒకే పిలుపు, నాలుగు గోడలు: ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

రక్తదాతల కోసం పనిచేసే ఒక చిన్న వాలంటీర్ గ్రూపుకి యాప్ మొదలుపెట్టా. పని ఎక్కడిదాకా వచ్చిందో ఎప్పటికప్పుడు ఇక్కడ రాసుకుంటూ పోతా. వాళ్ల అవసరం వినడానికి చాలా సింపుల్. ఎవరికో రక్తం కావాలని ఫోన్ వస్తుంది, గ్రూపు నడిపే అక్క వివరాలు టైప్ చేసి టెలిగ్రామ్ ఛానెల్లో పెడుతుంది, అదే కాపీ చేసి ఫేస్‌బుక్ పేజీలో, తర్వాత మాస్టడాన్‌లో, చివరికి బ్లూస్కైలో (ఈ రెండూ ట్విటర్ లాంటివే). నాలుగు చోట్ల నాలుగు సార్లు.

ఇవాళ ఆవిడ పక్కన కూర్చుని ఒక పోస్టు పెట్టడం మొదటి నుంచి చివరి దాకా చూసా. మూడు చోట్ల బానే వెళ్లింది, నాలుగో చోట పొడవు ఎక్కువైందని ఒప్పుకోలేదు, కంగారులో రెండు మూడు పదాలు చెరిపేసింది, చెరిపిన వాటిలో "నెగటివ్" అన్న పదం కూడా పోయింది. ఓ నెగటివ్ కావాల్సిన చోట ఉత్త "ఓ" అని మిగిలింది. తనే చూసుకుని వెంటనే సరిచేసింది కానీ, నాకు మాత్రం ఆ ఒక్క పదం మనసులోంచి పోలేదు. అలసిపోయిన మనిషి రాత్రి పదకొండింటికి నాలుగు కిటికీలు తెరిచి చేసే పని ఇది, తప్పు రాకుండా ఎలా ఉంటుంది.

ఇంకో సమస్య కూడా చెప్పింది. "దాత దొరికాక కూడా మూడు రోజులు ఫోన్లు వస్తూనే ఉంటాయి తమ్ముడూ, ఏదో ఒక చోట ఆ పోస్టు తీయడం మర్చిపోతాం, పేషెంట్ వాళ్లేమో అప్పటికే ఏడుపులో ఉంటారు" అంది.

సో కావాల్సినవి మూడు. ఒకసారి రాస్తే నాలుగు చోట్లకీ వెళ్లాలి, నాలుగు చోట్లా వచ్చే జవాబులు ఒకే చోట కనపడాలి, అవసరం తీరగానే ఒక్క బటన్‌తో అన్నిచోట్లా మూసేయాలి. ట్విటర్ ప్రస్తుతానికి వద్దనుకున్నాం, 2023లో పాత ఉచిత ఎపిఐ (వేరే ప్రోగ్రాముల నుంచి వాడుకునే దారి) యాక్సెస్ తీసేసి ప్లాన్లు పెట్టారు కదా, గ్రూపు దగ్గర దానికి డబ్బుల్లేవు.

మూడో రోజు

లాగిన్ల దగ్గరే రెండు రోజులు పోయాయి. నాలుగింటికీ ఓఆత్ (పాస్‌వర్డ్ ఇవ్వకుండా వేరే యాప్‌కి అనుమతిచ్చే పద్ధతి) ఒకటే కదా, ఒక లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) పెడితే అయిపోతుందనుకున్నా, అలా ఏం లేదు.

టెలిగ్రామ్‌లో అసలు ఓఆత్ అక్కర్లేదు. బాట్‌ఫాదర్ దగ్గర బాట్ (ప్రోగ్రామ్ నడిపే అకౌంట్) చేసుకుంటే ఒక టోకెన్ (పాస్‌వర్డ్ బదులు చూపించే రహస్య కోడ్) ఇస్తుంది, ఆ బాట్‌ని ఛానెల్‌కి అడ్మిన్ చేస్తే పోస్టు చేసేయొచ్చు. ఇది పది నిమిషాల పని. 

మాస్టడాన్ ఓఆత్ 2.0 వాడుతుంది, అంతవరకు బావుంది, కానీ మాస్టడాన్ అనేది ఒక వెబ్‌సైట్ కాదు, వేల సర్వర్లు. మన యాప్‌ని ఒక్కచోట రిజిస్టర్ చేసి ఊరుకోవడం కుదరదు, యూజర్ ఏ సర్వర్ పేరు చెప్తే ఆ సర్వర్లో అప్పటికప్పుడు యాప్‌ని రిజిస్టర్ చేసి, వచ్చిన క్లయింట్ ఐడీ, సీక్రెట్ (అక్కడ మన యాప్‌కి పేరూ పాస్‌వర్డూ లాంటివి) దాచుకుని, అప్పుడు లాగిన్‌కి పంపాలి. అంటే మన డేటాబేస్‌లో సర్వర్లకి విడిగా ఒక టేబుల్ కావాలి. చాలా లైబ్రరీల్లో క్లయింట్ ఐడీని సెట్టింగ్స్ ఫైల్లో ఒకేసారి రాయమంటారు, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

బ్లూస్కైలో ఓఆత్ ఉంది కానీ దానికి చేయాల్సిన పని కాస్త ఎక్కువ, కాబట్టి ఇప్పటికి యాప్ పాస్‌వర్డ్‌తో మొదలుపెట్టా. యూజర్ తన సెట్టింగ్స్‌లో మన యాప్ కోసమే ఒక పాస్‌వర్డ్ తీసి ఇస్తాడు, నచ్చకపోతే దాన్నొక్కదాన్నే రద్దు చేసుకోవచ్చు. అసలు పాస్‌వర్డ్ మాత్రం ఎవర్నీ అడగను, ఎంత తొందరున్నా సరే.

ఫేస్‌బుక్‌ది గొలుసు. యూజర్ టోకెన్ వస్తుంది, అది గంటా రెండు గంటలే ఉంటుంది, దాన్ని దాదాపు 60 రోజులుండే పెద్ద టోకెన్‌గా మార్చుకోవాలి, దాంతో పేజీల లిస్టు అడిగితే ఒక్కో పేజీకి ఒక్కో టోకెన్ ఇస్తారు, పోస్టు చేయాల్సింది ఆ పేజీ టోకెన్‌తో. సొంత ప్రొఫైల్లో మన యాప్ నుంచి పోస్టు చేయడం 2018 ఆగస్టు 1 నుంచి లేదు, కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ (ఫేస్‌బుక్ యూజర్ల సమాచారం ఆ కంపెనీ చేతికి పోయిన గొడవ) బయటపడ్డ సంవత్సరమే ఆ అనుమతి తీసేశారు. పాత ట్యుటోరియల్స్ చూసి దానికోసం వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి రాస్తున్నా, వెతకొద్దు, పేజీలకి మాత్రమే.

స్టేట్ పారామీటర్, పీకేసీఈ రెండూ మొదటి రోజు నుంచే పెట్టా, లాగిన్ మొదలుపెట్టినవాళ్లే ముగిస్తున్నారా అని చూసే తనిఖీలు ఇవి. స్టేట్ చెక్ చేయకపోతే ఇంకొకడు తన అకౌంట్‌ని మన అక్క అకౌంట్‌కి తగిలించే అవకాశం ఉంటుంది, అప్పుడు గ్రూపు పోస్టులు వాడి పేజీలోకి పోతాయి. ఓఆత్ 2.0 వచ్చింది 2012లో, పీకేసీఈ 2015లో, ఇన్నేళ్లయ్యాక కూడా వదిలేయడానికి కారణం ఏమీ లేదు.

ఐదో రోజు

మనిషంటే ఎవరు, అంటే ఏ అకౌంట్లు ఎవరివో రాసుకునే టేబుల్. రెండు నిర్ణయాలు తీసుకున్నా.

ఒకటి, ఈమెయిల్ ఒకటే ఉంది కదా అని రెండు నెట్‌వర్క్‌ల అకౌంట్లని వాటంతట అవే కలిసిపోనివ్వను. ఎక్కడో ఒక చోట ఈమెయిల్ వెరిఫై చేయకుండానే అకౌంట్ తెరవనిస్తారు, అక్కడ ఎవడైనా అక్క ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచి మన దగ్గరికి లాగిన్ అయితే నేరుగా ఆవిడ అకౌంట్లోకి వచ్చేస్తాడు. ముందు మన యాప్‌లోకి లాగిన్ అయ్యి ఉండాలి, లోపల నుంచి "ఇంకో అకౌంట్ కలుపు" నొక్కాలి, అప్పుడే కలుస్తుంది.

రెండోది, ఏ నెట్‌వర్క్ ఐడీ అయినా మా దగ్గర స్ట్రింగే, అంటే అంకెగా కాదు, అక్షరాల వరుసగా దాస్తాం. జావాస్క్రిప్ట్‌లో అంకెలు 9007199254740991 దాటితే చివరి అంకెలు నమ్మడానికి లేదు, జేసన్ (నెట్‌వర్క్‌లు డేటా పంపే టెక్స్ట్ రూపం) పార్స్ చేసేటప్పుడే, అంటే విడదీసి చదివేటప్పుడే, చప్పుడు లేకుండా మారిపోతాయి. ట్విటర్ వాళ్లు పాత ఎపిఐలో ఐడీని అంకెగానూ స్ట్రింగ్‌గానూ రెండుసార్లు పంపేది ఇందుకే.

బ్లూస్కైలో హ్యాండిల్ (యూజర్ పేరు) మార్చుకోవచ్చు, మారనిది డీఐడీ అనే పొడవాటి ఐడీ. మొదట హ్యాండిల్‌నే కీగా రాసా, సాయంత్రానికి మార్చేసా.

ఎనిమిదో రోజు

ఇవాళ్టిది కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే తెలుగులో పోస్టులు పెట్టే యాప్ ఎవరు రాసినా ఈ గొయ్యి దాటాల్సిందే.

పోస్టు పొడవు చూపించే చిన్న అంకె పెడదామని కూర్చున్నా, ఇంకా ఎన్ని అక్షరాలు మిగిలాయో చెప్పే అంకె. అక్షరం అంటే ఏంటో నాలుగు నెట్‌వర్క్‌లూ ఒక మాట మీద లేవు. 

"స్త్రీ" అన్న పదం తీసుకోండి. మనకి అది ఒక్క అక్షరం, ఒకటో క్లాసు పిల్లని అడిగినా ఒకటే అంటుంది. కంప్యూటర్ దగ్గర అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, అంటే ఆరు కోడ్ పాయింట్లు (ఒక్కో ముక్కకి యూనికోడ్ ఇచ్చిన నంబర్లు). యూటీఎఫ్-8 అనే దాచే పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు కాబట్టి 18 బైట్లు. ఇక గ్రాఫీమ్‌లు అని ఒక లెక్క ఉంది, మనిషి కంటికి ఒక అక్షరంగా కనిపించేది అన్నమాట, ఆ లెక్కలో ఒకటి రావాలి కదా, కానీ పాత యూనికోడ్ నియమంతో లెక్కేస్తే పొల్లు దగ్గర తెగిపోయి మూడు వస్తాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు ఒత్తులున్న అక్షరాన్ని ముక్కలు చేయకూడదని నియమం చేరింది, అప్పట్నుంచి ఒకటి.

బ్లూస్కైలో పరిమితి 300 గ్రాఫీమ్‌లు, దానితో పాటు 3000 బైట్లు. నాకు జరిగిందేంటంటే బ్రౌజర్లో లెక్కేసే కోడ్ ఒకలా, సర్వర్లో పెట్టిన లైబ్రరీ ఇంకోలా లెక్కపెట్టాయి, ఒకటి కొత్త నియమం, ఇంకోటి పాతది. అక్కకి స్క్రీన్ మీద ఇంకా 20 మిగిలాయని కనపడుతోంది, పంపితే పొడవెక్కువని ఎర్రర్. ఇంగ్లీషులో టెస్ట్ చేసినంతసేపూ రెండూ ఒకే అంకె చూపించాయి కాబట్టి నాకు అనుమానమే రాలేదు. ఇప్పుడు రెండు పద్ధతుల్లోనూ లెక్కేసి ఏది ఎక్కువైతే అది చూపిస్తున్నా, నాలుగక్షరాల చోటు పోయినా పర్లేదు, పంపాక తిరిగి రాకూడదు.

మాస్టడాన్‌లో మామూలుగా 500, కొన్ని సర్వర్లు పెంచుకుంటాయి, అందుకే ఆ అంకెని కోడ్‌లో రాయకుండా సర్వర్‌నే అడగాలి, ఇన్‌స్టెన్స్ (అంటే ఆ సర్వర్) వివరాల్లో చెప్తుంది. లింకు ఎంత పొడవున్నా 23గా లెక్క. టెలిగ్రామ్ మెసేజ్‌కి 4096, అదే ఫోటో కింద రాసే క్యాప్షన్ అయితే 1024.

పొడవుతో అయిపోలేదు, లింకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా కొన్ని చోట్ల మనమే చెప్పాలి. "రక్తం కావాలి" అని రాసి ఒక ఖాళీ వదిలి లింకు పెట్టామనుకోండి. టెలిగ్రామ్ యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతి యూనిట్లలో అడుగుతుంది, కాబట్టి లింకు 13 దగ్గర మొదలు. బ్లూస్కై యూటీఎఫ్-8 బైట్లలో అడుగుతుంది, అదే లింకు 35 దగ్గర మొదలు. అదే వాక్యం, అదే లింకు. నేను రెండింటికీ 13 పంపా, బ్లూస్కైలో నీలం గీత "రక్తం" అన్న పదం మధ్యలో మొదలై ఎక్కడో తేలింది. ముందు ఒక రక్తపు చుక్క ఇమోజీ పెడితే మళ్లీ లెక్కలు మారతాయి, అది యూటీఎఫ్-16లో 2, యూటీఎఫ్-8లో 4. టెక్స్ట్‌ని ముందు బైట్లుగా మార్చి అందులో లింకు చోటు వెతకడమే దారి, అక్షరాల లెక్కని మూడుతో గుణించడం లాంటి షార్ట్‌కట్లు మొదటి ఇమోజీకే విరిగిపోతాయి.

ఈ రోజంతా అయ్యాక నా మొదటి డిజైన్ చెరిపేసా. అందులో "పోస్టు" అని ఒకటే టేబుల్, ఒకటే టెక్స్ట్, పొడవెక్కువైన చోట చివర కత్తిరించడం. అక్క చేత్తో చేసి "నెగటివ్" పోగొట్టిన పనిని నేను కోడ్‌తో చేయబోయా! ఇప్పుడు రెండు టేబుళ్లు. "పిలుపు" అంటే అసలు విషయం: రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఎప్పటిలోగా, విడివిడి గడులుగా. "ప్రతి" అంటే ఆ పిలుపు ఒక్కో నెట్‌వర్క్‌లో కనిపించే రూపం. ఈ "ప్రతి" ఆ గడుల నుంచే తయారవుతుంది, రక్తం గ్రూపు, గడువు ఎప్పుడూ ముందే వస్తాయి, చోటు చాలకపోతే మిగతా కథ పోతుంది కానీ అవి పోవు. పంపే ముందు నాలుగు రూపాలూ పక్కపక్కనే చూపిస్తుంది, ఏదైనా బాలేకపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.

తొమ్మిదో రోజు

ఫోటోలు. సైజులు ఒక్కోచోట ఒక్కో పరిమితి కాబట్టి పంపేటప్పుడే తగ్గించేస్తున్నా. ముఖ్యమైనది వేరే ఉంది, ఫోన్‌తో తీసిన ఫోటోలో తీసిన చోటు జీపీఎస్ వివరాలు ఉండొచ్చు, అవన్నీ మా సర్వర్లోనే తీసేసి పంపుతున్నాం. మాస్టడాన్‌లో ఫోటో అప్‌లోడ్ చేస్తే ఒక్కోసారి 202 అని వస్తుంది, అంటే ఇంకా తయారవుతోంది, కాసేపాగి అడుగు అని, దాన్ని విజయం అనుకుని పోస్టు చేసేస్తే తేడా కొడుతుంది.

పన్నెండో రోజు

ఇవాళ నా కోడ్ వల్ల ఇద్దరు మనుషులు ఊరికే తిరిగారు.

టెస్టింగ్ చాలనుకుని ఒక నిజమైన పిలుపు యాప్ నుంచి పంపాం. ఒక నెట్‌వర్క్ నుంచి జవాబు రాలేదు, 10 సెకన్లకి టైమౌట్ అయ్యింది, నా కోడ్ ఫెయిలైందనుకుని మళ్లీ పంపింది. నిజానికి మొదటిదే వెళ్లింది, జవాబు మాత్రం దారిలో పోయింది. పక్కపక్కనే ఒకేలాంటి రెండు పోస్టులు. చూసినవాళ్లు ఇద్దరు పేషెంట్లు ఉన్నారనుకున్నారు, ఒకరికి దాత దొరికాక కూడా రెండో పోస్టు చూసి ఇంకో ఇద్దరు బయల్దేరి వెళ్లారు. అక్క ఏమీ అనలేదు, "వాళ్లు మళ్లీ వస్తారా అని భయం తమ్ముడూ" అని మాత్రం అంది. దాత నమ్మకం ఒకసారి పోతే తిరిగి రావడం కష్టం, ఆ మాట నిజం, నేను దాన్ని బాగు చేసేదాకా యాప్ నుంచి నిజమైన పిలుపులు ఆపేసాం.

పదమూడో రోజు

బాగు చేసిన తీరు. పంపాలని నిర్ణయించిన క్షణంలోనే ఆ "ప్రతి"కి ఒక వరుస డేటాబేస్‌లో రాసి, దానికి ఒక ప్రత్యేకమైన కీ ఇస్తున్నా, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించినా అదే కీ. మాస్టడాన్‌కి ఐడెంపొటెన్సీ-కీ అనే హెడర్ ఉంది, ఒకే కీతో రెండోసారి వస్తే కొత్త పోస్టు పెట్టకుండా పాతదే తిరిగిస్తుంది. బ్లూస్కైలో పోస్టు అంటే యూజర్ రిపాజిటరీలో ఒక రికార్డు, దాని కీ మనమే ముందుగా తయారుచేసి పంపొచ్చు, అప్పుడు రెండోసారి పంపినా అదే చోటికి పోతుంది తప్ప ఇంకో పోస్టు పుట్టదు.

అలాంటి సౌకర్యం లేని చోట ఏం చేయాలన్నది చాలాసేపు ఆలోచించా. టెలిగ్రామ్ బాట్ ఎపిఐలో మెసేజ్ పంపేటప్పుడు ఇలాంటి కీ ఇచ్చే వీలు లేదు. అందుకని స్థితులు మూడు పెట్టా: వెళ్లింది, వెళ్లలేదు, తెలీదు. కనెక్షనే కలవకపోతే వెళ్లలేదు, మళ్లీ ప్రయత్నించొచ్చు. పంపాక జవాబు రాకపోతే తెలీదు, అప్పుడు యాప్ దానంతటది ఏమీ చేయదు, పసుపు రంగులో "ఒకసారి ఛానెల్ చూసి చెప్పండి" అని అక్కకి చూపిస్తుంది, రెండు బటన్లు ఉంటాయి. తెలీని విషయాన్ని తెలీదని చెప్పడం ప్రోగ్రామర్‌కి ఎందుకో కష్టంగా ఉంటుంది, పచ్చ గానీ ఎర్ర గానీ వేసేయాలనిపిస్తుంది. అక్కకి మాత్రం ఆ పసుపే అన్నిటికన్నా నచ్చింది.

పదహారో రోజు

పొద్దున లేచేసరికి ఒక అకౌంట్ లాగౌట్ అయ్యి ఉంది, ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. లాగ్‌లు చూస్తే అర్థమైంది, యాక్సెస్ టోకెన్ గడువు అయిపోయిన క్షణంలో రెండు వర్కర్లు (వెనకాల నడిచే ప్రోగ్రాములు) ఒకేసారి లేచాయి, ఒకటి పోస్టు పంపడానికి, ఇంకోటి జవాబులు తెచ్చుకోవడానికి. రెండూ ఒకే రీఫ్రెష్ టోకెన్ తీసుకెళ్లి కొత్త యాక్సెస్ టోకెన్ అడిగాయి. చాలా చోట్ల రీఫ్రెష్ టోకెన్ ఒక్కసారికే పనికొస్తుంది, మొదటి వర్కర్‌కి కొత్త జంట వచ్చింది, రెండోది వాడేసిన టోకెన్‌తో వచ్చింది కాబట్టి దొంగతనం జరిగిందేమో అన్నట్టు మొత్తం సెషన్‌నే రద్దు చేసేశారు. వాళ్లు చేసింది కరెక్టే, తప్పు నాది.

ఇప్పుడు టోకెన్ మార్చే ముందు డేటాబేస్‌లో ఆ వరుసకి తాళం వేస్తున్నా, తాళం దొరికాక టోకెన్‌ని మళ్లీ ఒకసారి చదవాలి, ఎందుకంటే నేను ఆగిన టైంలో ఇంకొకరు అప్పటికే మార్చేసి ఉండొచ్చు. ఆ రెండో చదవడం మర్చిపోతే తాళం వేసీ ఉపయోగం లేదు. టోకెన్లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే ఉన్నాయి, కీ వేరే చోట ఉంది, సర్వర్ రాసుకునే లాగ్‌లలో ఎక్కడా టోకెన్ పడట్లేదని కూడా ఇవాళే మళ్లీ వెతికి చూసుకున్నా.

ఇరవయ్యో రోజు

జవాబులు ఒకే చోటికి తేవడం. ఫేస్‌బుక్ వెబ్‌హుక్‌తో పంపుతుంది, అంటే ఏదైనా జరగ్గానే వాళ్లే మన సర్వర్‌ని పిలుస్తారు. మాస్టడాన్, బ్లూస్కైల నోటిఫికేషన్లు నేనే నిమిషానికోసారి వెళ్లి అడుగుతున్నా. టెలిగ్రామ్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి కానీ ఒకసారికి ఒకటే, వెబ్‌హుక్ పెట్టాక మనమే వెళ్లి అడిగే గెట్‌అప్‌డేట్స్ పనిచేయదు. ఛానెల్ కింద కామెంట్లు నిజానికి దానికి జోడించిన డిస్కషన్ గ్రూపులో ఉంటాయి, బాట్‌ని ఆ గ్రూపులో కూడా చేర్చి అడ్మిన్ చేయాలి, లేదంటే ప్రైవసీ మోడ్ వల్ల దానికి మామూలు మెసేజ్‌లు కనపడవు. ఇది తెలీక ఒక పూటంతా ఖాళీ ఇన్‌బాక్స్ చూస్తూ కూర్చున్నా.

ఒక బగ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వెబ్‌హుక్ నిజంగా ఫేస్‌బుక్ నుంచే వచ్చిందా అని చూడ్డానికి హెడర్లో ఒక సంతకం వస్తుంది, మన యాప్ సీక్రెట్‌తో ఆ మెసేజ్ బాడీ మీద హెచ్‌మ్యాక్ అనే లెక్క వేసి రెండూ సరిపోతేనే నమ్మాలి. నేను నోడ్‌లో (సర్వర్లో జావాస్క్రిప్ట్ నడిపేది) బాడీని జేసన్‌గా పార్స్ చేసి, మళ్లీ స్ట్రింగ్‌గా మార్చి దాని మీద లెక్కేసా. ఇంగ్లీషు కామెంట్లతో అన్నీ పాసయ్యాయి. అక్క "నేను వస్తా" అని తెలుగులో కామెంట్ పెట్టింది, సంతకం తప్పని పక్కన పడేసింది నా కోడ్. కారణం ఏంటంటే వచ్చిన బాడీలో తెలుగు అక్షరాలు నేరుగా ఉండవు, ఒక్కోటి వెనక్కి వాలిన గీత, యు, నాలుగు హెక్స్ అంకెలుగా రాసి ఉంటాయి, నేను పార్స్ చేసి మళ్లీ రాసినప్పుడు అవి మామూలు తెలుగు అక్షరాలైపోయాయి, బైట్లు మారాయి, సంతకం మారింది. వచ్చిన బైట్లని అలాగే పక్కన పెట్టుకుని వాటి మీదే లెక్కేయాలి, పార్స్ తర్వాత. అదే కనక నిజమైన పిలుపు కింద జరిగి ఉంటే, తెలుగులో "నేను వస్తా" అన్న ప్రతి మనిషి మాటా చెత్తబుట్టలోకి పోయేది, స్క్రీన్ మీద మాత్రం ఎవరూ స్పందించలేదని కనపడేది. టెస్ట్ డేటాలో మీ భాష పెట్టుకోండి, దయచేసి.

మాస్టడాన్ నుంచి వచ్చే టెక్స్ట్ హెచ్‌టీఎంఎల్, దాన్ని శుభ్రం చేయకుండా మన పేజీలో చూపించకూడదు, ఎవరి సర్వర్ నుంచి ఏం వస్తుందో మన చేతిలో లేదు.

ఇరవై రెండో రోజు

మూసివేత బటన్. మొదటి రోజు నుంచీ నేను ఎదురుచూసింది దీనికే.

నాలుగు చోట్లా డిలీట్ కొట్టేద్దాం అనుకున్నా, అక్క వద్దంది. పోస్టు కింద "నేను బయల్దేరా", "నేను రక్తమిచ్చి మూడు నెలలు కాలేదు, మా తమ్ముడిని పంపుతున్నా" అని మాట్లాడుకున్నవాళ్లకి ఏమైందో తెలియాలి కదా, పోస్టు మాయమైతే వాళ్లు అయోమయంలో పడతారు అని. నిజమే. ఎడిట్ చేసి పైన "దొరికింది" అని రాద్దామనుకుంటే, టెలిగ్రామ్‌లో బాట్ పెట్టిన మెసేజ్‌ని బాట్ మార్చొచ్చు, ఫేస్‌బుక్ పేజీలో మన యాప్ పెట్టిన పోస్టుని మన యాప్ మార్చొచ్చు, మాస్టడాన్‌లో 2022లో వచ్చిన 3.5 నుంచి ఎడిట్ ఉంది. బ్లూస్కైలో ఆ పద్ధతి లేదు, అందుకని అక్కడ మన పోస్టు కిందే జవాబుగా "దొరికింది" అని పెడుతున్నా, దానికి మూల పోస్టు చిరునామాతో పాటు సీఐడీ అనే దాని హాష్ (ఆ పోస్టు నుంచి లెక్కేసిన వేలిముద్ర లాంటిది) కూడా పంపాలి.

అయినా ఫోన్ నంబర్ మిగిలిపోతోంది. బ్లూస్కై పోస్టులో అలాగే ఉంది. మాస్టడాన్‌లో ఎడిట్ చేసినా డిలీట్ చేసినా ఆ సమాచారం మిగతా సర్వర్లకి పంపుతారు కానీ అవి వింటాయని హామీ లేదు. స్క్రీన్‌షాట్ల సంగతి సరేసరి. ఒకసారి బయటికెళ్లిన నంబర్‌ని వెనక్కి తెచ్చే బటన్ ఎవరూ రాయలేరు, నేనూ రాయలేను. 

సాయంత్రం అక్కా నేనూ కూర్చుని ఒక నిర్ణయానికొచ్చాం. ఇక నుంచి ఏ పోస్టులోనూ నంబర్ ఉండదు. రక్తం గ్రూపు, యూనిట్లు, గడువు, మా యాప్‌లో ఆ పిలుపు పేజీకి లింకు, అంతే. నంబర్ ఆ పేజీలో ఉంటుంది, పిలుపు తెరిచి ఉన్నంతసేపే. మూసేస్తే నంబర్ పోయి "దొరికింది" అని వస్తుంది, ఎక్కడెక్కడికి షేర్ అయిన లింకైనా అక్కడికే వస్తుంది కాబట్టి పాత పోస్టు చూసినవాళ్లకి కూడా నిజమే కనపడుతుంది. లింకు కింద వచ్చే ప్రివ్యూ కార్డులో మాత్రం "ఇంకా కావాలి" లాంటి మాటలు పెట్టకూడదు, ఆ కార్డుని నెట్‌వర్క్‌లు ఒకసారి తీసుకుని దాచేసుకుంటాయి, మనం మార్చినా అది మారుతుందని నమ్మకం లేదు. అందులో వాలంటీర్ గ్రూపు పేరు, లోగో మాత్రమే ఉంచా.

ఒక ఎక్స్‌ట్రా క్లిక్ వల్ల కొంతమంది దాతలు పోతారేమో అని నాకు భయంగానే ఉంది. అక్క దగ్గర దానికి సమాధానం ఉంది, అర్ధరాత్రి తప్పుడు ఫోన్లు అందుకున్న కుటుంబాల్ని చూసింది ఆవిడ, నేను కాదు. ఆవిడ మాటే ఖాయం చేసా.

ఇరవై నాలుగో రోజు

చిన్నవి. 429 (మరీ ఎక్కువసార్లు అడిగావన్న జవాబు) వస్తే ఎంతసేపు ఆగాలో అవతలివాళ్లే చెప్తారు, టెలిగ్రామ్ జవాబులోనే ఎన్ని సెకన్లో ఇస్తుంది, మాస్టడాన్ హెడర్లలో ఇంకా ఎన్ని మిగిలాయో ఇస్తుంది, మామూలుగా 5 నిమిషాలకి 300. ఆ అంకెలు చదివి వాటి ప్రకారం ఆగుతున్నా, నా సొంత అంచనాలు తీసేసా. ఒక నెట్‌వర్క్ ఆగిపోతే మిగతా మూడూ ఆగకుండా ఒక్కోదానికి ఒక్కో క్యూ.

ఒక్కో నెట్‌వర్క్ కోడ్ ఒక్కో ఫోల్డర్లో ఉంది, ఫోల్డర్ తీసేసినా మిగతా యాప్ నడుస్తుందో లేదో ఇవాళ ఒక్కోటీ తీసి చూసా. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న మామూలు యూజర్లకి మూసేశారు, ఇన్‌స్టాగ్రామ్ బేసిక్ డిస్‌ప్లే ఎపిఐ 2024 డిసెంబర్ 4న ఆగిపోయింది, మనం ఆధారపడినవి ఎప్పటికీ ఉండవు. మొదటిసారి తీసినప్పుడు ఇన్‌బాక్స్ పేజీ కూలింది, ఎక్కడో ఒక చోట బ్లూస్కై పేరు నేరుగా రాసేసా. సరిచేసా.

ఇరవై ఏడో రోజు

మళ్లీ నిజమైన పిలుపు. బి నెగటివ్, 2 యూనిట్లు, సాయంత్రంలోగా. అక్క గడులు నింపింది, నాలుగు రూపాలూ చూసుకుంది, మాస్టడాన్‌ది ఒక లైను మార్చింది, పంపింది. మూడు పచ్చ. టెలిగ్రామ్ పసుపు. అక్క ఫోన్ తీసి ఛానెల్ చూసి "ఉంది" నొక్కింది, పచ్చ అయ్యింది. మళ్లీ పంపలేదు, రెండో పోస్టు లేదు. నేను ఊపిరి పీల్చుకోవడం మర్చిపోయి చూస్తున్నా ఆ స్క్రీన్‌ని.

ఇరవై నిమిషాలకి మొదటి జవాబు ఫేస్‌బుక్ నుంచి, తెలుగులో. రెండోది మాస్టడాన్ నుంచి. రెండూ ఒకే లిస్టులో, ఒకదాని కింద ఒకటి. అక్క ఇద్దరికీ అక్కడి నుంచే జవాబిచ్చింది. రెండో యూనిట్ కూడా కుదిరాక మూసివేత నొక్కింది, మూడు చోట్ల పోస్టు మారింది, ఒకచోట కింద జవాబు చేరింది, లింకు తెరిస్తే నంబర్ లేదు. ఆ తర్వాత పేషెంట్ వాళ్ల అన్నకి నేనే ఫోన్ చేసి కనుక్కున్నా, ఇంకా ఎవరైనా ఫోన్ చేస్తున్నారా అని. "ఒక్కటి కూడా రాలేదండి, ఇప్పుడే పడుకున్నాడు వాడు" అన్నారు.

మిగిలింది: ఫేస్‌బుక్ యాప్ రివ్యూ (వాళ్లు మన యాప్‌ని చూసి ఒప్పుకోవడం), అది అయ్యేదాకా యాప్‌లో రోల్ ఉన్నవాళ్ల పేజీలకే పనిచేస్తుంది. బ్లూస్కైని యాప్ పాస్‌వర్డ్ నుంచి ఓఆత్‌కి మార్చడం. ఇంకో రెండు గ్రూపులు అడుగుతున్నాయట, వాళ్లకి ఇచ్చేలోగా ఈ రెండూ అవ్వాలి.